జులూ యోధుల బొమ్మలు పోగేయాలనుకుంటే ముందు డాలు చూడండి

దక్షిణాఫ్రికా జులూ యోధుల బొమ్మలు పోగేసే సరదా పట్టుకున్న కొత్తలో నేను బొమ్మ ముఖం చూసి కొనేవాణ్ణి. ఆ తర్వాత కొన్నాళ్ళు ధర చూసి కొన్నాను. చేతిచమురు బాగా వదిలాక తెలిసింది, చూడాల్సింది ఈ రెండూ కాదు, డాలు అని. జులూ యోధుడి ప్లాస్టిక్ బొమ్మలో ముఖం ఆవగింజంత. డాలు మాత్రం మనిషిలో సగానికి పైగా ఉంటుంది. బొమ్మ చెక్కినవాడికి విషయం తెలుసో లేదో అక్కడే బయటపడుతుంది. అసలు అచ్చులో పోసిందో, దొంగ అచ్చులో పోసిందో కూడా అక్కడే తెలుస్తుంది. ఆ యోధుడు ఏ దళం వాడో, పెళ్ళైనవాడో కుర్రాడో, చాలావరకు దాన్నిబట్టే ఊహించవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నాలాగా డబ్బు తగలేసుకోకుండా వరసగా ఏం చేయాలో చెబుతాను.

ముందు ఒక్క యుద్ధం పట్టుకోండి

"జులూ బొమ్మలు" అని వెతికితే ఆఫ్రికా ఖండంలో ఈటె పట్టుకున్న ప్రతివాడూ వచ్చి పడతాడు. గడ్డి లంగా కట్టుకున్నవాళ్ళు, ముక్కులో ఎముక పెట్టుకున్నవాళ్ళు, రంగురంగుల ముగ్గులేసిన డాలు పట్టుకున్న తూర్పు ఆఫ్రికా మసాయీలు, అందరినీ ఒకే సంచీలో పోసి "జులూ" అని చీటీ అంటిస్తారు. అందుకని 1879 నాటి ఆంగ్లో జులూ యుద్ధం దగ్గర గిరి గీసుకోండి. మార్కెట్లో దొరికే మంచి బొమ్మలు దాదాపు అన్నీ ఆ యుద్ధానివే.

కథ క్లుప్తంగా ఇదీ. 1879 జనవరి 11న బ్రిటిష్ సైన్యం పక్కనే ఉన్న తమ వలస నేటాల్ వైపు నుంచి నది దాటి జులూ రాజ్యంలోకి చొరబడింది. రాజు కెట్ష్వాయో, బ్రిటిష్ సేనాని లార్డ్ చెమ్స్‌ఫర్డ్. జనవరి 22న ఇసాండ్ల్‌వానా కొండ కింద సుమారు 20,000 మంది జులూలు బ్రిటిష్ శిబిరం మీద పడ్డారు. శిబిరం వైపు 1,300 మందికి పైగా చచ్చారు. అదే రోజు సాయంత్రం, నదికి ఈవల రోర్క్స్ డ్రిఫ్ట్ అనే మిషన్ స్టేషన్ దగ్గర 150 మంది దాకా సిపాయిలు మొక్కజొన్న బస్తాలు, బిస్కెట్ పెట్టెలు గోడలా పేర్చుకుని, మూడు నాలుగు వేల మంది జులూలను తెల్లవారేదాకా ఆపారు. ఈ ఒక్క పోరాటానికే బ్రిటిష్ వాళ్ళ అత్యున్నత శౌర్య పతకాలు, విక్టోరియా క్రాస్‌లు, 11 ఇచ్చారు. జులై 4న ఉలుండిలో బ్రిటిష్ వాళ్ళు గెలవడంతో యుద్ధం దాదాపు ముగిసింది.

జులూలు గెలిచిన పెద్ద పోరు ఇసాండ్ల్‌వానా. పెట్టెల మీద బొమ్మలు ఎక్కువగా వేసేదేమో రోర్క్స్ డ్రిఫ్ట్‌వి. కొనేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మనకూ దీనికీ సంబంధమేంటని ఇంట్లో అడిగితే చెప్పడానికి నా దగ్గర రెండు ముక్కలున్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పట్నుంచి నేటాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళు చాలామంది. ఈ యుద్ధం జరిగినప్పుడు మనవాళ్ళు ఆ నేటాల్‌లోనే చెరకు నరుకుతున్నారు. రెండోది, అదే 1879 మార్చిలో మన గోదావరి మన్యంలో కల్లు పన్ను మీద రంప తిరుగుబాటు లేచింది. ఆ సంవత్సరం దొరలకి రెండు చోట్లా నిద్ర లేదు.

కొలత తేల్చుకోండి

మూడు కొలతలున్నాయి. మూడూ కలిపి కొంటే అలమరలో తాతా మనవడూ పక్కపక్కన నిలబడినట్టుంటుంది.

1/72 అంటే అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు, బొమ్మ 24 మిల్లీమీటర్ల ఎత్తు, చిటికెన వేలు చివరి కణుపంత. మెత్తటి ప్లాస్టిక్. ఒక్కో పెట్టెలో నలభై, యాభై దాకా వస్తాయి. ఇటలీకి చెందిన ఎస్కీ కంపెనీ 1980ల్లో వేసిన జులూ సెట్ ఈ కొలతలో అందరికీ తెలిసినది. ఆ కంపెనీ అచ్చులు తర్వాత చేతులు మారి ఇటలెరీకి చేరాయి, ఆ పేరుతో మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. నన్నడిగితే మొదటి పెట్టె ఇదే. మనుషుల్లో పరుగు ఉంటుంది, డాళ్ళలో నీటు ఉంటుంది.

1/32 అంటే 54 మి.మీ., చూపుడు వేలంత. చిన్నప్పుడు ఆడుకున్న సైనికుల బొమ్మల సైజు. ఆర్మీస్ ఇన్ ప్లాస్టిక్, ఎ కాల్ టు ఆర్మ్స్, కాంటే వంటి కంపెనీలు ఈ కొలతలో జులూలను తెచ్చాయి. కళ్ళు తగ్గినవాళ్ళకి, పిల్లలతో కలిసి రంగులేద్దామనుకునేవాళ్ళకి ఇదే మంచిది.

28 మి.మీ. అనేది బల్ల మీద యుద్ధపు ఆట ఆడేవాళ్ళ కొలత. వార్లార్డ్ గేమ్స్ వాళ్ళవి గట్టి ప్లాస్టిక్‌లో విడి ముక్కలుగా వస్తాయి. చేయి వేరు, తల వేరు, డాలు వేరు. ఎవరి తల ఎవరికైనా అతికించుకోవచ్చు. ఓపికుంటే ఇది స్వర్గం, లేకపోతే నరకం.

చోటు సంగతి కూడా చూసుకోండి. జులూలు అంటేనే గుంపు. నలుగురు జులూలను నిలబెడితే దారి తప్పినవాళ్ళలా ఉంటారు. గుంపు కళ కనీసం యాభై మందితోగానీ రాదు. ఫ్లాట్లో ఉండేవాళ్ళకి 1/72 తప్ప గతి లేదని నా అభిప్రాయం.

డాలు పరీక్ష

ఇక అసలు పని. బొమ్మ చేతికి వచ్చినా, ఫోటో చూసి కొంటున్నా, ఈ వరసలో చూడండి.

మొదట సైజు. జులూ డాళ్ళలో యుద్ధానికి వాడేవి ప్రధానంగా రెండు. ఇసిహ్లాంగు అనేది పాతకాలపు పెద్ద డాలు, నాలుగున్నర అడుగుల దాకా ఉండేది. ఉంబుంబులుజో అనేది చిన్నది, మూడడుగుల పైచిలుకు. పట్టుకుని పరిగెత్తడానికి తేలికని 1850ల్లో కెట్ష్వాయో దీన్ని వాడుకలోకి తెచ్చాడు. 1879లో రెండూ రణంలో ఉన్నాయి. ఈ లెక్కన 1/72 బొమ్మలో పెద్ద డాలు 19 మి.మీ., చిన్న డాలు 14 మి.మీ. దగ్గర ఉండాలి. స్కేలు తీసి కొలవండి, సిగ్గుపడక్కర్లేదు. 10 మి.మీ. ఉందంటే చెక్కినవాడు డాలు బదులు పళ్ళెం చూసి చెక్కాడనుకోండి.

తర్వాత ఆకారం. అటూ ఇటూ సన్నబడిన నిలువు కోడిగుడ్డులా ఉండాలి. మధ్యలో పైనుంచి కిందికి ఒక కర్ర పోతుంది. ఆ కర్ర డాలు పైన కాస్త బయటికి వచ్చి, దాని కొసకు బొచ్చు తోలు చుట్టి ఉంటుంది. కింద కూడా కొన కాస్త బయటికి ఉంటుంది. పైన బొచ్చు లేని డాలు ముళ్ళు లేని గడియారం లాంటిది.

మూడోది, కుట్టు. కర్రకి రెండు పక్కలా డాలులో అడ్డంగా చీలికలు పెట్టి, వాటిలోంచి వేరే రంగు తోలు పట్టీలు దూర్చి లాగుతారు. ముందు నుంచి చూస్తే కర్ర వెంబడి రెండు నిలువు వరసల్లో చిన్న చిన్న గీతలుగా కనిపిస్తాయి. నేను ఎక్కువసేపు చూసేది ఇక్కడే. గోటి కొనతో ఆ వరస మీద పైనుంచి కిందికి లాగండి. అసలు అచ్చులో పోసిన బొమ్మైతే గోటికి దువ్వెన పళ్ళమీద లాగినట్టు టకటకమని తగులుతుంది. అసలు బొమ్మ నుంచి మళ్ళీ అచ్చు తీసి పోసిన నకిలీ అయితే నున్నగా, సబ్బు బిళ్ళ మీద లాగినట్టు జారిపోతుంది. నకలు అచ్చులో ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఇంకాస్త కుంచించుకుపోతుంది కాబట్టి బొమ్మ ఒక పిసరు పొట్టిగా కూడా ఉంటుంది. అనుమానం వస్తే అసలు పక్కన నకిలీని నిలబెట్టండి, తేడా తెలిసిపోతుంది.

ఇంకా ఒంటి మీది బట్టలు చూడండి. యుద్ధానికి వెళ్ళే జులూ పండుగ వేషం వేసుకోడు. నడుముకి ముందు తోలు పట్టీలు, వెనక ఒక తోలు ముక్క. కొందరికి చేతులకీ కాళ్ళకీ ఆవు తోక వెంట్రుకల గుత్తులు. అంతే. నెత్తిన నిలువెత్తు ఈకలు, భుజాన చిరుతపులి తోలు, కాలినుంచి తలదాకా అలంకారాలు ఉన్న బొమ్మ అందంగా ఉంటుంది కానీ అది రాజుగారి కొలువులో ఉత్సవానికి పనికొస్తుంది, రణరంగానికి కాదు. అలాంటిదాన్ని ఒకదాన్ని నాయకుడిగా పెట్టుకోండి, యాభై పెట్టకండి. చెప్పులున్న బొమ్మని వదిలేయండి. వాళ్ళది ఉత్త కాళ్ళ పరుగు.

దళం చూసి కొనడం

జులూ రాజ్యంలో ఒకే ఈడు మగపిల్లలందరినీ కలిపి ఒక దళం కట్టేవారు. దాన్ని ఇబుథో అంటారు, బహువచనం అమాబుథో. ఆ దళానికంతటికీ కలిపి రాజు పెళ్ళికి అనుమతి ఇచ్చేవాడు. అనుమతి వచ్చాక మగవాడు తల మీద ఇసికోకో అనే నల్లటి చుట్ట పెట్టుకునేవాడు. అది టోపీ కాదు. జుట్టులోనే నార కలిపి కుట్టి, బంకతో గట్టిపరిచి, నున్నగా మెరిసేలా తోమిన చుట్ట. బొమ్మలో అది నడినెత్తిన చిన్న గాజులా కనిపిస్తుంది.

రోర్క్స్ డ్రిఫ్ట్ సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. అక్కడ దాడి చేసిన దళాల్లో ముఖ్యమైనది ఉథుల్వానా. అందులో ఉన్నవాళ్ళు నలభై దాటిన సంసారులు. రాజు కెట్ష్వాయో కూడా చిన్నప్పుడు ఆ దళంలోనే నమోదయ్యాడు. ఆ రోజు వాళ్ళని నడిపినవాడు రాజుగారి తమ్ముడు దబులమంజి. అంటే రోర్క్స్ డ్రిఫ్ట్ దృశ్యం పెట్టాలనుకుంటే మీ బొమ్మల్లో ఎక్కువమంది నెత్తిన చుట్ట ఉండాలి, ఒళ్ళు కాస్త బరువెక్కి ఉండాలి. ఇన్‌డ్లుయెంగ్వే అనే దళం మాత్రం పెళ్ళికానివాళ్ళది, అందుకని కొందరు కుర్రాళ్ళనీ కలపొచ్చు. పెట్టెల్లో వచ్చేవాళ్ళేమో ఎక్కువమంది కండలు తిరిగిన ఇరవై ఏళ్ళవాళ్ళు. వాళ్ళని ఇసాండ్ల్‌వానాకి పంపండి. అక్కడ సేన ఎడమ పక్కన, అంటే ఎడమ కొమ్ములో, పరిగెత్తిన ఇన్‌గోబామఖోసి, ఉవే దళాలు ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళవే.

తుపాకీల్లో కూడా ఒక మెలిక ఉంది. జులూల దగ్గర తుపాకీలు బాగానే ఉండేవి, కానీ పాత రకాలు. బ్రిటిష్ వాళ్ళ మార్టినీ హెన్రీ తుపాకీలు వాళ్ళ చేతికి వచ్చింది ఇసాండ్ల్‌వానాలో గెలిచి ఎత్తుకెళ్ళాక. రోర్క్స్ డ్రిఫ్ట్ మీదికి వెళ్ళినవాళ్ళు పగలు జరిగిన ఆ పోరులో పాల్గొనని, వెనక ఉంచిన దళం. అందుకని వాళ్ళ చేతుల్లో మార్టినీ పెట్టడం పొరపాటు. గుర్తుపట్టడం తేలికే. మార్టినీకి ట్రిగర్ వెనక కిందికి వేలాడే పొడుగాటి లీవర్ ఉంటుంది, పైన గుర్రం, అంటే సుత్తిలా కొట్టే భాగం, ఉండదు. పాత తుపాకీకి పక్కన గుర్రం బొడిపెలా పొడుచుకొస్తుంది. 54 మి.మీ. బొమ్మలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది, 1/72లో భూతద్దం కావాలి.

కొనడం

బయటి దేశం నుంచి తెప్పించేటప్పుడు సుంకం లెక్క ముందే వేసుకోండి. బొమ్మల మీద మూల కస్టమ్స్ సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దాని మీద జీఎస్టీ అదనం. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి బీఐఎస్ ధ్రువీకరణ కూడా తప్పనిసరి చేశారు. రేట్లు మారుతుంటాయి, ఆర్డరు పెట్టే రోజున ఇంకోసారి చూసుకోండి. కొరియర్‌వాళ్ళు అడిగే కేవైసీ కాగితాలు ముందే సిద్ధం చేసుకుంటే పార్సిల్ గోదాములో మగ్గకుండా ఉంటుంది.

మన ఇళ్ళలో నడిచే పద్ధతి ఇంకోటుంది, మీకు తెలిసిందే. డల్లాస్ నుంచో లండన్ నుంచో వచ్చే తోడల్లుడి సూట్‌కేసు. మీరిచ్చే ఆవకాయ సీసాకి బదులుగా ఒక పెట్టె అడిగితే ఎవరూ కాదనరు. అట్టపెట్టె తీసేసి లోపల బొమ్మలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ ఫ్రేములు మాత్రం చొక్కాల మధ్య పెట్టుకురమ్మనండి. అట్టపెట్టె కూడా కావాలనే రకం మీరైతే దాన్ని విప్పి బల్లపరుపుగా మడిచి తెమ్మనండి.

పాత సరుకు కొనేటప్పుడు జాగ్రత్త. ఒకసారి ఆన్‌లైన్లో ఒకాయన "40 పాత జులూలు" అని పెట్టాడు. ఫోటో దూరం నుంచి తీసింది, డాళ్ళు సరిగా కనపడవు. చవగ్గా వచ్చిందని కొన్నాను. వచ్చాక చూస్తే సగం మంది గడ్డి లంగాలవాళ్ళు. మిగతా సగం అసలువే కానీ, ఒకదాన్ని తీసి ఈటెని అలా తాకానో లేదో, అప్పడంలా పుటుక్కుమంది. పాలిథిన్ రకం మెత్తటి ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి ఎండకీ వేడికీ ఉంటే ఇలా పెళుసైపోతుంది. దానికి మందు లేదు. కాబట్టి పాత బొమ్మలు కొనేముందు రెండు అడగండి. ఒకటి, డాలు దగ్గరగా తీసిన ఫోటో. రెండు, ఒక ఈటెని మెల్లగా వంచి చూపించే చిన్న వీడియో. పంపనంటే దండం పెట్టి వదిలేయండి.

పళ్ళు ఇకిలించి, పెదవులు సాగదీసి, వెక్కిరింతగా చేసిన పాత బొమ్మలు కూడా తగులుతాయి. అవి అరుదైనవని ధర ఎక్కువ చెబుతారు. నేను కొనను. దక్షిణాఫ్రికాలో ఇంట్లో మాట్లాడే భాషల్లో జులూదే మొదటి స్థానం. ఆ మనుషులు ఇవాళ కూడా మన మధ్యే ఉన్నారు.

ఇంటికి వచ్చాక

పెట్టె విప్పగానే రంగు వేయకండి. అచ్చులోంచి బొమ్మ ఊడిరావడానికి పూసే జిడ్డు ఇంకా ఒంటి మీదే ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు ద్రవం రెండు చుక్కలేసి, పాత టూత్‌బ్రష్‌తో ఫ్రేమ్‌లో ఉండగానే తోమండి. డాలు వెనకా, చంకల్లో జిడ్డు ఎక్కువ. మంచినీళ్ళతో కడిగి రాత్రంతా ఆరనివ్వండి.

వంగిన ఈటెలు సర్వసాధారణం. పెట్టెలో ఒకదానిమీద ఒకటి పడి కొడవలిలా తిరిగిపోతాయి. టీ కాచే గిన్నెలో నీళ్ళు మరిగించి దించండి. పట్టకారుతో బొమ్మని పట్టుకుని ఈటె భాగం మాత్రం పది సెకన్లు ముంచండి, తీసి వేళ్ళతో నిటారుగా చేసి, పట్టుకునే ఉండి, వెంటనే ఐసు నీళ్ళలో ముంచండి. మొదటిసారికి మొండికేస్తే మళ్ళీ చేయండి. ఇది మెత్తటి ప్లాస్టిక్‌కి మాత్రమే. పైన చెప్పిన పెళుసు సరుకుకి ఈ వైద్యం వద్దు.

అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట బొమ్మ పక్కల వెంబడి సన్నటి గీత ఉంటుంది. గట్టి ప్లాస్టిక్ అయితే బ్లేడు వీపుతో గీకితే పోతుంది. మెత్తటిదాన్ని గీకితే, గరుకు కాగితం పెడితే, నూగు లేస్తుంది. కొత్త బ్లేడుతో ఒక్క వేటులో పలచగా కోయాలి. రాకపోతే వదిలేయండి, రంగు పడ్డాక అంతగా కనపడదు.

అతుకు విషయంలో కూడా రెండు రకాలకీ పడదు. గట్టి ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ సిమెంట్ వాడితే రెండు ముక్కలూ కరిగి ఒకటైపోతాయి. మెత్తటి పాలిథిన్‌కి అది అస్సలు అంటదు, ఫెవిక్విక్ కూడా నాలుగు రోజుల్లో ఊడుతుంది. విడిగా వచ్చిన డాలుని చేతికి అతికించాలంటే చేతిలో గుండుసూదితో సన్నటి రంధ్రం చేసి, సూది ముక్క దూర్చి, దాని మీద డాలు దిగేసి అప్పుడు ఫెవిక్విక్ చుక్క వేయండి.

రంగులు, ఆవు తోళ్ళు

మెత్తటి బొమ్మకి ప్రైమర్ వేసే ముందు ఫెవికాల్ నీళ్ళలో బాగా పలచగా కలిపి ఒక పూత పూయండి. ఆరాక పొరలా పట్టుకుంటుంది, పైన వేసే రంగు బొమ్మ వంగినా పెచ్చులూడదు. రంగులన్నీ అయ్యాక మళ్ళీ ఒక పలచటి పూత, దానిమీద మెరుపు లేని వార్నిష్. యాక్రిలిక్ రంగులు చాలు.

చర్మానికి నలుపు రంగు వాడకండి. ఎవరి ఒళ్ళూ నల్ల రంగు డబ్బాలా ఉండదు. ముందు ఎర్రమట్టి రంగుకి దగ్గరగా ఉండే ముదురు గోధుమ వేసి, ఆరాక అంతకంటే ముదురు రంగుని నీళ్ళలా పలచన చేసి పోయండి, కండల మధ్య పల్లాల్లో దానంతట అదే నిలుస్తుంది. తర్వాత భుజాలు, మోకాళ్ళు, ముక్కు మీద కాస్త లేత రంగు. యాభై మందికీ ఒకే డబ్బా వాడకుండా నాలుగు రకాలుగా కలిపి పది పదిమందికి వేయండి.

ఇక డాలు. ఇక్కడ నేను చేసిన తప్పు, దాన్ని సరిదిద్దిన మనిషి గురించి చెప్పాలి. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. ఒక ఏడాది మెట్లు ఖాళీగా ఉన్నాయని నా జులూలను కొండపల్లి ఎడ్లబండి పక్కన నిలబెట్టాను. మా నాయనమ్మ కళ్ళజోడు ఎత్తి పట్టుకుని ఒక్కొక్కటీ తీసి చూసింది. మనుషుల గురించి ఒక్క మాటా అడగలేదు. "ఒరేయ్, ఈ పలకలేంట్రా?" అంది.

"ఆవు తోలు డాళ్ళు, నాయనమ్మా."

"ఆవు తోలా? ఏ ఆవుకైనా మచ్చలు ఇలా బొట్టు పెట్టినట్టు గుండ్రంగా ఉంటాయిట్రా? ఇది చిరుతపులి లాగుంది."

నిజమే. నేను తెల్ల డాలు మీద నల్ల చుక్కలు కొలత పెట్టినట్టు పెట్టాను. ఆవిడ పుట్టింట్లో పదెకరాల సేద్యం, దొడ్డి నిండా పశువులు. ఆ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పింది. మచ్చ అంచు ఎప్పుడూ సాఫీగా ఉండదు, చిరిగిన కాగితంలా ఉంటుంది. పెద్ద మచ్చ పక్కనే చిన్న చిన్న తునకలు రాలి ఉంటాయి. వీపు దగ్గర ఒక రంగు, పొట్ట దగ్గరికి వచ్చేసరికి పలచబడుతుంది. కర్రావు నలుపు కూడా ఎండలో చూస్తే కాస్త గోధుమ జీర కొడుతుంది. పుల్లావు, బొల్లావు, కపిల, ఒక్కోదానికి ఒక పేరు చెప్పింది. తర్వాత చదివితే తెలిసింది, జులూలకి కూడా పశువుల రంగులకి లెక్కలేనన్ని పేర్లున్నాయని. తెల్లటి ఒంటి మీద సన్నటి చుక్కలు చల్లినట్టుండే ఆవుని వాళ్ళు భరతపక్షి లాంటి ఒక చిన్న పిట్ట గుడ్లతో పోల్చి పిలుస్తారట. నాయనమ్మకి చెబితే "తెలిసినవాళ్ళే" అంది.

కాబట్టి డాలుకి రంగు ఇలా వేయండి. ముందు డాలు మొత్తానికి పాల తెలుపు, బొత్తిగా సున్నం తెలుపు కాదు. పలచటి నలుపుతోనో ఎర్ర గోధుమతోనో ఒక పక్కకి ఒరిగిన పెద్ద మచ్చ ఒకటి వేయండి, మధ్యలో కాకుండా. బ్రష్ కొసని పొడిగా తుడిచి ఆ మచ్చ అంచుని పొడిచినట్టు చేయండి. చుట్టూ మూడు నాలుగు తునకలు. చివరగా అతి సన్నటి బ్రష్‌తో కుట్టు పట్టీలు. నల్ల డాలుకి తెల్ల పట్టీలు, తెల్ల డాలుకి నల్లవో గోధుమవో. కర్రకి లేత చెక్క రంగు. డాలు వెనక వైపు బొచ్చు లేని పచ్చి తోలు కాబట్టి అక్కడ ఏ మచ్చలూ వద్దు, మట్టి పసుపు ఒక్కటి చాలు. వెనకా ముందూ ఒకేలా మచ్చలేసినవాళ్ళ బొమ్మలు చాలా చూశాను.

దళం రంగు సంగతికొస్తే, పెద్దవాళ్ళ దళాలకి తెలుపు ఎక్కువ, కుర్ర దళాలకి నలుపు, ముదురు గోధుమ ఎక్కువ. అంతకుముందు తరాల్లో ఒక్కో దళానికి ఒక్కో రంగని గట్టిగా పాటించేవారు, 1879 నాటికి ఆ పట్టింపు సడలింది. కనుక ఉథుల్వానాకి ముప్పాతిక తెల్ల డాళ్ళు వేసి మిగతావి కలగాపులగంగా వేసినా ఎవరూ తప్పు పట్టరు.

చేతిలో ఉండే పొట్టి ఈటె పేరు ఇక్ల్వా. పొడిచి బయటికి లాగినప్పుడు వచ్చే చప్పుడే దాని పేరైందంటారు. దాని ఆకు వెడల్పుగా, పొడుగ్గా ఉంటుంది, ఆకుకి మాత్రం వెండి రంగు వేయండి. బుడిపె ఉన్న కర్రది ఇవిసా, దానికి చెక్క రంగే.

నిలబెట్టడం, దాచడం

జులూ సేన ఎద్దు తలలా కదిలేది. మధ్యలో రొమ్ము, రెండు పక్కలా ముందుకు సాగే కొమ్ములు, వెనక నడుము. రొమ్ములో అనుభవం ఉన్నవాళ్ళు, కొమ్ముల్లో వేగంగా పరిగెత్తే కుర్రాళ్ళు, వెనక అవసరానికి ఉంచిన పెద్దవాళ్ళు. అలమర అరలో కూడా అలాగే పెట్టండి. పరిగెత్తే భంగిమలో ఉన్న బొమ్మలు పక్కలకి, నిలబడి ఈటె ఎత్తినవి మధ్యకి, డాలు నేలకానించి కూర్చున్నవి వెనక్కి. యాభై బొమ్మలతో కూడా ఆకారం కనపడుతుంది. అందరినీ ఒకే దిక్కుకి తిప్పకండి, నలుగురైదుగురు పక్కవాడివైపు తల తిప్పి అరుస్తున్నట్టు పెట్టండి.

ఎండ పడే కిటికీ పక్కన వద్దు, కారణం ముందే చెప్పాను. తలుపులున్న అద్దాల బీరువా అయితే దుమ్ము తక్కువ. వర్షాకాలంలో మూలల్లో సిలికా జెల్ పొట్లాలు వేయండి, మందుల డబ్బాల్లో వచ్చేవి దాచుకుంటే చాలు. రబ్బరులా సాగే పీవీసీ బొమ్మల్ని గట్టి ప్లాస్టిక్ బొమ్మలకి, ప్లాస్టిక్ ట్రేలకి ఆనించి నెలల తరబడి ఉంచకండి. వాటిలోని నూనె కారి పక్కదాన్ని కరిగించి అంటుకుపోతుంది. మధ్యలో బటర్ పేపరు పెట్టండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. బొమ్మ పీఠం అడుగున చిన్న అంకె వేసి, పుస్తకంలో ఆ అంకె ఎదురుగా కంపెనీ, కొలత, ఎప్పుడు కొన్నది, ఎంతకి, ఏ దళంగా రంగు వేసింది, ఏ రంగులు కలిపింది రాయండి. రంగుల పాళ్ళు తప్పకుండా రాయండి. రెండేళ్ళ తర్వాత ఇంకో పెట్టె కొని అదే దళంలో కలపాలనుకున్నప్పుడు, అప్పటి గోధుమ రంగు ఎలా కలిపానో గుర్తురాక నేను నా పాత పన్నెండుమందికీ మళ్ళీ మొదటినుంచి రంగు వేసుకోవాల్సి వచ్చింది.

రెండుసార్లు వచ్చిన బొమ్మల్ని ఇతర సేకర్తలకి పంపేటప్పుడు దూదిలో చుట్టకండి, పోగులు రంగుకి అంటుకుంటాయి. టిష్యూ కాగితంలో ఒక్కోదాన్ని విడిగా చుట్టి, ఈటె కొన డబ్బా గోడకి తగలకుండా మధ్యకి తిప్పి పెట్టి, మూత మీద ఏ వైపు పైకో బాణం గుర్తు వేసి పంపండి.